మీ ఫోన్‌లోనే మెడికల్ లైబ్రరీ: వార్డులో వచ్చిన డౌట్‌కి ఆధారం వెతకడం ఎలా?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా నర్సింగ్, ఫార్మసీ, ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్ల కోసం, కొత్తగా డ్యూటీలో చేరిన స్టాఫ్ నర్సుల కోసం, పీహెచ్‌సీల్లో, సబ్‌సెంటర్లలో పనిచేసే ఏఎన్ఎంల కోసం. మీ ఇంట్లో అక్కో, చెల్లో, బావో ఈ ఫీల్డ్‌లో ఉంటే వాళ్లకి పంపండి. వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం నేను మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం.

డ్యూటీలో ఒక డౌట్ వస్తుంది. సీనియర్ సిస్టర్‌ని అడిగితే "ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం కదమ్మా" అంటారు. వాట్సాప్ గ్రూప్‌లో అడిగితే నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు. గూగుల్‌లో కొడితే ముందు యాడ్లు, తర్వాత ఎవరు రాశారో తెలియని ఆర్టికల్స్ వస్తాయి. ఇంకో పక్క ప్రపంచంలోని పెద్ద పెద్ద మెడికల్ లైబ్రరీలు అదే ఫోన్‌లో, చాలావరకు ఫ్రీగా ఉన్నాయి. ఏది ఎప్పుడు తెరవాలి, తెరిచాక ఏం చదవాలి, చదివాక ఏం చేయాలి. ఈ మూడూ ఇవాళ చెప్తాను.

ముందు ఒక లోగో కథ

స్క్రీన్ మీద ఉన్న ఈ గుండ్రటి బొమ్మ కాక్రేన్ అనే సంస్థ లోగో. 1993లో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఆర్చీ కాక్రేన్ అనే బ్రిటిష్ డాక్టర్ పేరు పెట్టారు. ఏ చికిత్స నిజంగా పనిచేస్తుందో, ఏది చెయ్యదో సరైన ట్రయల్స్ చేసి తేల్చాలి అని 1972లోనే పుస్తకం రాసిన మనిషి ఆయన.

లోగో మధ్యలో చిన్న చిన్న అడ్డగీతలు కనిపిస్తున్నాయి కదా. డిజైన్ కోసం గీసినవి కావు అవి. ఒక్కో గీత ఒక్కో క్లినికల్ ట్రయల్. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి ముందే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందా అని చూసిన ట్రయల్స్. మొదటిది న్యూజిలాండ్‌లో లిగిన్స్, హౌవీ అనే డాక్టర్లు చేశారు. 1972లో పేపర్ వచ్చింది. తర్వాత ఇంకొన్ని వచ్చాయి. విడివిడిగా చూస్తే కొన్ని ట్రయల్స్‌లో లాభం స్పష్టంగా తెలియలేదు. అన్నీ కలిపి లెక్క కడితే మాత్రం మందు పనిచేస్తోందని తేలింది. కానీ అలా కలిపి చూసిన రివ్యూ 1989 దాకా రాలేదు. ఈలోపు చాలామంది ప్రసూతి డాక్టర్లకి ఈ ఇంజెక్షన్ అంత ఉపయోగపడుతుందనే సంగతే సరిగా తెలియలేదు. ఇచ్చి ఉంటే బతికేవాళ్లు అనదగ్గ పసిపిల్లలు ఆ సంవత్సరాల్లో ఎంతోమంది పోయారు.

మందు ఉంది, పరీక్షలు జరిగాయి, పేపర్లు అచ్చయ్యాయి. అయినా లేబర్ రూమ్ దాకా విషయం రాలేదు. ఈ గ్యాప్ తగ్గించడానికే ఇవాళ చెప్పబోయే లైబ్రరీలూ యాప్‌లూ పుట్టాయి.

కథ అక్కడితో అయిపోలేదు. మన దేశంలో 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఈ ఇంజెక్షన్ మీద గైడ్‌లైన్ ఇచ్చింది. పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా డెక్సామెథసోన్ మొదటి డోసు ఇవ్వొచ్చని అందులో ఉంది. సరిగ్గా ఆ సమయంలోనే ఇండియాతో కలిపి ఆరు దేశాల్లో చేసిన ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. పల్లెల్లో, చిన్న కేంద్రాల్లో కూడా ఈ ఇంజెక్షన్ వాడకం పెంచితే ఏమవుతుందో చూశారు. బాగా బరువు తక్కువగా పుట్టిన పిల్లల్లో మరణాలు తగ్గలేదు. మొత్తం పిల్లల్ని లెక్కేస్తే ప్రతి 1000 మందికి 3.5 మరణాలు ఎక్కువయ్యాయి. మందు తీసుకున్న తల్లుల్లో చాలామందికి నిజానికి నెలలు నిండాకే కాన్పు అయింది. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానించిన కేసులు కూడా పెరిగాయి.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో ట్రయల్ చేయించింది. ఇండియా, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లోని 29 ఆసుపత్రుల్లో 2,852 మంది తల్లులతో చేశారు. ఈసారి ఎన్ని వారాలో స్కాన్‌తో లెక్క చూసి, పుట్టిన బిడ్డని చూసుకునే సౌకర్యం ఉన్నచోటే ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది. మందు ఇవ్వని గుంపులో నవజాత శిశువుల మరణాలు 23.5 శాతం ఉంటే, ఇచ్చిన గుంపులో 19.6 శాతానికి తగ్గాయి.

మందు అదే, ఇంజెక్షన్ అదే. ఎవరికి, ఎక్కడ, ఏ పరిస్థితుల్లో ఇచ్చారనేదాన్ని బట్టి ఫలితం మారిపోయింది. అందుకే "ఈ మందు మంచిదేనా?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఎవరికి, ఎక్కడ అని కూడా అడగాలి.

ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అంటే

పేరు పెద్దగా ఉంది గానీ విషయం సింపుల్. 1996లో డేవిడ్ సాకెట్, ఆయన తోటివాళ్లు దీన్ని వివరించారు. దొరికే పరిశోధనల్లో మంచిదేదో చూడాలి, మన చేతి అనుభవం వాడాలి, ఎదురుగా ఉన్న పేషెంట్‌కి ఏం కావాలో వినాలి. మూడూ కలిస్తేనే అది ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్. కాబట్టి సీనియర్ సిస్టర్ అనుభవం కూడా ఇందులో భాగమే. ఆ అనుభవం పక్కన పరిశోధనని కూడా కూర్చోబెట్టమని అడుగుతున్నాం, అంతే.

ఏ అర ముందు తెరవాలి?

చాలామంది నేరుగా రీసెర్చ్ పేపర్లలోకి దూకేస్తారు. రెండు పేపర్లు చదివేసరికి తల తిరుగుతుంది, మళ్లీ అటు వెళ్లరు. డ్యూటీలో ఉన్నవాళ్లకి వేరే వరుస పనికొస్తుంది.

మొదటి అర, గైడ్‌లైన్లు. వందల పేపర్లు చదివి "ఇలా చెయ్యండి" అని నిపుణులు తేల్చిన కాగితాలు. మన దేశానికి ఐసీఎంఆర్ వాళ్ల స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోస్ ఉన్నాయి. 2019 నుంచి విడతలవారీగా విడుదల చేస్తున్నారు. ఒక్కో జబ్బుకి ఒకటి రెండు పేజీల చార్టు. ఏ లక్షణం ఉంటే ఏం చెయ్యాలి, ఎప్పుడు రిఫర్ చెయ్యాలి అని రంగులతో గుర్తులు పెట్టి ఉంటుంది. దీనికి ఫ్రీ యాప్ కూడా ఉంది. ప్లే స్టోర్‌లో ఆ పేరుతోనే వెతకండి. నన్నడిగితే మొదట ఇన్‌స్టాల్ చేసుకోవాల్సింది ఇదే. మన ఆసుపత్రుల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాబట్టి.

రెండో అర, సిస్టమాటిక్ రివ్యూలు. ఒక ప్రశ్న మీద జరిగిన ట్రయల్స్ అన్నీ వెతికి, నాణ్యత చూసి, కలిపి లెక్క కట్టేవి. ఇందాకటి కాక్రేన్ లైబ్రరీ దీనికి పేరుమోసింది. మన దేశంలో ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా ఇది ఫ్రీగా చదివేలా 2007లో ఐసీఎంఆర్ జాతీయ లైసెన్స్ తీసుకుంది. లైసెన్స్ సంగతి పక్కన పెట్టినా, ప్రతి రివ్యూకీ మామూలు భాషలో రాసిన సారాంశం ఎప్పుడూ అందరికీ ఫ్రీయే. 2013 ఫిబ్రవరి తర్వాత వచ్చిన రివ్యూలు చాలావరకు ఏడాది దాటాక పూర్తిగా తెరుచుకుంటాయి.

మూడో అర, విడి పేపర్లు. ఇక్కడ పబ్‌మెడ్. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1996 నుంచి నడుపుతోంది. 3.5 కోట్లకు పైగా పేపర్ల వివరాలు ఉన్నాయి. ఫోన్ బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటుంది. దీని చెల్లెలు పబ్‌మెడ్ సెంట్రల్‌లో పేపర్లు పూర్తిగా ఫ్రీగా చదవొచ్చు.

ఈ వరుస గుర్తుంటే చాలు. పై అరలో జవాబు దొరికితే కింది అర తెరవక్కర్లేదు. దొరకనప్పుడో, దొరికిన జవాబు మీద డౌట్ వచ్చినప్పుడో కిందికి దిగండి.

ఒక ప్రశ్న పట్టుకుని వెతుకుదాం

మనందరికీ తెలిసిన జింక్ బిళ్ల తీసుకుందాం. పిల్లలకి విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్‌తోపాటు ఇచ్చేది. ఒక తల్లి వచ్చి "ఈ బిళ్ల వేస్తే బాబు కక్కేస్తున్నాడమ్మా, ఆపెయ్యనా?" అని అడిగింది అనుకోండి. ఏం చెప్తారు?

ముందు ప్రశ్నని నాలుగు ముక్కలు చెయ్యాలి. ఎవరికి? ఆరు నెలలు దాటిన, విరేచనాలవుతున్న పిల్లలకి. ఏం ఇస్తున్నాం? జింక్. దేంతో పోలుస్తున్నాం? జింక్ ఇవ్వకపోవడంతో, లేదా తక్కువ డోసుతో. ఏం చూడాలి? విరేచనాలు ఎన్ని రోజులకి తగ్గాయి, వాంతులు ఎంతమందికి అయ్యాయి. ఈ నాలుగింటి ఇంగ్లీష్ మొదటి అక్షరాలు కలిపి పికో అంటారు. ప్రశ్న ఇలా విడగొడితే ఏ మాటలతో వెతకాలో దానంతట అదే తెలుస్తుంది.

మొదటి అరలో చూద్దాం. మన జాతీయ కార్యక్రమం ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకి 10 మిల్లీగ్రాములు, 14 రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో ఇచ్చిన సిఫార్సు దీనికి మూలం. సరే, డోసు తెలిసింది. వాంతుల సంగతి?

రెండో అరకి వెళ్దాం. కాక్రేన్‌లో జింక్, డయేరియా, చిల్డ్రన్ అని ఇంగ్లీషులో కొట్టండి. 2016 నాటి రివ్యూ కనిపిస్తుంది. 33 ట్రయల్స్, 10,841 మంది పిల్లలు. సారాంశం ఏంటంటే, ఆరు నెలలు దాటిన పిల్లల్లో జింక్ విరేచనాల్ని సుమారు సగం రోజు తగ్గించవచ్చు. పోషకాహారం సరిగా లేని పిల్లల్లో లాభం ఇంకా ఎక్కువ, దాదాపు ఒక రోజు. ఆరు నెలల లోపు పిల్లల్లో మాత్రం విరేచనాలు ఉండే సమయం తగ్గినట్టు కనిపించలేదు. ఇంకో మాట, జింక్ వేసుకున్న పిల్లల్లో వాంతులు ఎక్కువ. అంటే ఆ తల్లి చెప్పింది నిజమే.

ఇప్పుడు మూడో అర. పబ్‌మెడ్‌లో ఆ మాటలకి లోయర్ డోస్ అని కలిపి, ఫిల్టర్లలో రాండమైజ్డ్ ట్రయల్ అని టిక్ పెట్టండి. 2020లో ఇండియా, టాంజానియాల్లో 4,500 మంది పిల్లల మీద చేసిన ట్రయల్ కనిపిస్తుంది. 20 మిల్లీగ్రాములతో పోలిస్తే 5, 10 మిల్లీగ్రాముల డోసులు పనిలో తీసిపోలేదు, వాంతులు తగ్గాయి.

ఇక్కడే అసలు పరీక్ష. ఇది చదివిన ఉత్సాహంలో రేపటినుంచి పావు బిళ్ల ఇవ్వడం మొదలుపెడతారా? వద్దు. డోసు మార్చేది ప్రోటోకాల్, మనం సొంతంగా మార్చకూడదు. మరి వెతికి ఏం లాభం అంటారా? చాలా ఉంది. ఆ తల్లికి భయపడొద్దని, ఈ బిళ్లకి కొంతమంది పిల్లలు కక్కుతారని, అంతమాత్రాన ఆపొద్దని ఆధారంతో చెప్పగలరు. తల్లిపాలలోనో, శుభ్రమైన నీళ్లలోనో కరిగించి స్పూన్‌తో పట్టమని చూపించగలరు. ఏది పట్టినా కక్కేస్తున్న పిల్లాడైతే అది వేరే కేసు, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. వార్డు మీటింగ్‌లో మెడికల్ ఆఫీసర్ గారిని "సార్, ఈ ట్రయల్ వచ్చాక గైడ్‌లైన్‌లో డోసు ఏమైనా మారిందా, కొత్తది చూద్దామా?" అని అడగగలరు. ఇక్కడినుంచి మంచి అలవాటు మొదలవుతుంది.

పని జరిగే చోట పనికొచ్చే యాప్‌లు

లేబర్ రూమ్‌లో పనిచేసేవాళ్లకి సేఫ్ డెలివరీ యాప్. డెన్మార్క్‌కి చెందిన మెటర్నిటీ ఫౌండేషన్ చేసింది, ఫ్రీ. కాన్పు తర్వాత రక్తస్రావం, పుట్టగానే ఏడవని బిడ్డ, ఇలాంటి ఎమర్జెన్సీలకి యానిమేషన్ వీడియోలు, మందుల వివరాలు ఉంటాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేస్తే నెట్ లేకపోయినా నడుస్తుంది. సిగ్నల్ అందని ఏజెన్సీ ఏరియాలో పనిచేసేవాళ్లకి ఇది పెద్ద సౌకర్యం. ఎమర్జెన్సీ మధ్యలో ఫోన్ తీసి చూడటానికి కాదండోయ్, ఖాళీ షిఫ్ట్‌లో చూసి చెయ్యి అలవాటు చేసుకోవడానికి.

యాంటీబయాటిక్స్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల అవేర్ పుస్తకం. 2022లో వచ్చింది. మందుల్ని యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు గుంపులుగా విడగొట్టారు. ఏ ఇన్ఫెక్షన్‌కి ఏది ముందు, ఎన్ని రోజులు, అసలు యాంటీబయాటిక్ అవసరమా అని సూటిగా ఉంటుంది. ఫార్మసీ స్టూడెంట్స్ తప్పక దించుకోండి.

స్కోర్లు, లెక్కల కోసం ఎండీకాల్క్. లెక్కతోపాటు ఆ ఫార్ములా ఏ స్టడీలోంచి వచ్చిందో కూడా చూపిస్తుంది. ఫీచర్లలో నాకు నచ్చేది అదే.

మందు పడక రియాక్షన్ వచ్చిందనుకోండి, ఏడీఆర్ పీవీపీఐ అనే యాప్ ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌ది. నర్సులు, ఫార్మసిస్టులు కూడా రిపోర్ట్ చెయ్యొచ్చు. టోల్‌ఫ్రీ నెంబర్ 1800-180-3024. రేపటి ఆధారం తయారయ్యేది ఇవాళ మీరు పంపే రిపోర్టుల నుంచే.

డబ్బు కట్టాల్సినవి, క్రాక్డ్ ఏపీకేలు

అప్‌టుడేట్, బీఎంజే బెస్ట్ ప్రాక్టీస్ లాంటివి చాలా బాగుంటాయి గానీ ఖరీదు. సొంతంగా కొనేముందు మీ కాలేజీ లైబ్రేరియన్‌ని కలవండి. సంస్థకి సబ్‌స్క్రిప్షన్ ఉంటే మీ లాగిన్‌తో ఫోన్‌లో కూడా వాడుకునే వీలు ఉండొచ్చు. గవర్నమెంట్ కాలేజీల వాళ్లకి ఇంకో మంచి వార్త. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ నడుస్తోంది. మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది పబ్లిషర్ల సుమారు 13,000 జర్నల్స్‌ని ప్రభుత్వ విద్యాసంస్థలకి తెరిచారు. మీ కాలేజీ అందులో ఉందా, లాగిన్ ఎలా అని అడగండి. అడగనివాళ్లకి ఎవరూ వచ్చి చెప్పరు.

యూకే వెళ్లే ప్రయత్నంలో ఉన్న మన నర్సులకి ఒక మాట. అక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరాక ఓపెన్ ఏథెన్స్ అనే అకౌంట్ ఇస్తారు. దాంతో జర్నల్స్, క్లినికల్ యాప్‌లు ఫోన్‌లో చదవొచ్చు. ఆసుపత్రి లైబ్రరీకి ప్రశ్న పంపితే లైబ్రేరియన్లే వెతికి పేపర్లు తీసి పెడతారు. చేరిన మొదటి వారంలోనే ఆ అకౌంట్ తెరుచుకోండి.

టెలిగ్రామ్‌లో తిరిగే క్రాక్డ్ ఏపీకేల జోలికి మాత్రం పోవద్దు. దొంగ కాపీ అన్న విషయం అలా ఉంచండి, అందులో సమాచారం అప్‌డేట్ అవ్వదు. మూడేళ్ల కిందటి డోసు కొత్తదనుకుని చదువుతారు. పైగా అదే ఫోన్‌లో మీ బ్యాంక్ యాప్ ఉంటుంది.

ఏఐని అడిగితే పోలా?

ఈ ప్రశ్న మీకు ఈపాటికే వచ్చి ఉంటుంది. వాడండి, కష్టమైన పేపర్‌ని తేలిక మాటల్లో చెప్పించుకోండి. కానీ చాట్‌బాట్‌లు లేని పేపర్లని కూడా ఉన్నట్టు పుట్టించి చెప్తాయి. రచయితల పేర్లు, జర్నల్ పేరు, సంవత్సరం అన్నీ నిజంలాగే ఉంటాయి. చెక్ చెయ్యడం తేలికే. పబ్‌మెడ్‌లో ప్రతి పేపర్‌కీ పీఎంఐడీ అనే నెంబర్ ఉంటుంది. పేపర్ టైటిల్ పబ్‌మెడ్‌లో కొట్టండి. దొరికితే బాట్ చెప్పిందీ, సారాంశంలో ఉన్నదీ ఒకటేనా చూడండి. దొరకకపోతే ఆ జవాబుని నమ్మి సూది ముట్టుకోవద్దు. పేషెంట్ పేరు, కేస్ షీట్ ఫోటో చాట్‌లో అస్సలు పెట్టకండి.

దొరికింది సరే, ఎలా చెప్పాలి?

కొత్తగా చేరినవాళ్లకి ఇది వెతకడం కంటే కష్టం. వార్డులో అందరిముందు "మీరు చేసేది తప్పు, పబ్‌మెడ్‌లో ఇలా ఉంది" అంటే తాతకు దగ్గులు నేర్పుతున్నావా అంటారు. విషయం కూడా అక్కడే ఆగిపోతుంది. పక్కకి వెళ్లి, గైడ్‌లైన్ పేజీ తెరిచి, "మేడమ్, ఇందులో ఇలా ఉంది, మన దగ్గర వేరేగా చేస్తున్నాం, కారణం ఏమైనా ఉందా?" అని అడగండి. నిజంగానే కారణం ఉండొచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథలో చూశాం కదా, ఒకచోట ప్రాణం పోసింది ఇంకోచోట అలా పనిచెయ్యలేదు. మేడమ్ కారణం చెప్తే మీరు నేర్చుకుంటారు. కారణం లేకపోతే, మారడానికి ఒక దారి తెరుచుకుంటుంది.

పేపర్ల సంవత్సరం చూడటం మర్చిపోకండి. గైడ్‌లైన్ మొదటి పేజీలో తేదీ లేకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

ఈ వారం ఒక్క పని చేయండి. డ్యూటీలో మీకు వచ్చిన ఒకే ఒక్క డౌట్ తీసుకోండి. నాలుగు ముక్కలు చేసి కాగితం మీద రాయండి. మూడు అరలూ వరుసగా తెరవండి. మొదటిసారి అరగంట పడుతుంది. పదోసారికి టీ బ్రేక్‌లో అయిపోతుంది. ఏం వెతికారో, ఏం దొరికిందో నాకు రాయండి. మంచి ప్రశ్న ఒకటి తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో అందరం కలిసి వెతుకుదాం. ఉంటాను మరి, నమస్తే.